కంచు నోట నాన్న గొంతు

పొద్దు ఆరు గడియలెక్కింది. కాంస్యగిరి కోట వెనక, కొండను తొలిచి కట్టిన మూడువందల మెట్లు. ఆ మెట్ల మీద సింగన్న తలపై ఇత్తడి బిందెతో ఎక్కుతున్నాడు. బిందె నిండా చింతపండు పులుసు. మెడ వంచితే పులుసు ఒలుకుతుంది, మెడ ఎత్తితే కాపలావాళ్ళు మొహం పోల్చుకుంటారు. రెండూ కాకుండా నడవడం ఎంత కష్టమో అతనికి ఈ పొద్దే తెలిసింది.

ముందు పోలమ్మ నడుస్తోంది. కొండ మీది కంచు విగ్రహాన్ని పన్నెండేళ్ళుగా తోముతున్న మనిషి. సింగన్న తండ్రి ఏరయ్య పడవలో ఆమె ఏరు దాటని వారం లేదు. ఆ అభిమానంతోనే తన తల పోతుందని తెలిసీ ఈ పనికి ఒప్పుకుంది.

"ఒరే అబ్బాయ్, ఆ నడకేంట్రా? బిందె మోసేవాడిలా లేవు, పల్లకీ దిగినవాడిలా ఉన్నావు. నడుం వంచు."

"వంచాను పోలమ్మత్తా."

"వంచావులే. బళ్ళో చదివినోళ్ళందరికీ ఇదే జబ్బు. అన్నీ వస్తాయి, నడుం వంగడం ఒక్కటే రాదు. ఇక నోరు మూసెయ్. ఇక్కణ్ణించి నువ్వు మూగవాడివి."

మలుపు దగ్గర ఈటె అడ్డం పడింది. గుబురు మీసాల కావలివాడు సింగన్నను కిందినుంచి మీదికి చూశాడు.

"ఎవడీ కొత్తవాడు?"

"మా మేనల్లుడయ్యా. ఊళ్ళో వదిలేస్తే పాడైపోతాడని వెంటబెట్టుకొచ్చా."

"పేరేంట్రా?"

"వాణ్ణేం అడుగుతావు నాయనా, పుట్టుమూగ. తెల్లారేదాకా అడిగినా అంతే."

కావలివాడు సింగన్న కుడిచెయ్యి పట్టుకుని వేళ్ళు విప్పి చూశాడు. "తోమేవాళ్ళ గోళ్ళు పులుసుకి తెల్లబడి ఉంటాయి. వీడి చూపుడువేలికి ఈ నలుపేంటి?"

అది తాటాకు మీద గంటంతో రాశాక అక్షరాలకు పూసే మసి. మూడేళ్ళుగా అంటిన మరక, రాత్రంతా రుద్దినా పోలేదు. సింగన్న ఆ వేలు మడుచుకోబోయాడు.

పోలమ్మ ఒక్క నవ్వు నవ్వింది. "కుండ మసయ్యా! మా ఇంట్లో వంట వీడిదే. నవ్వకు మరి, మొన్న మీ ఇంటికొచ్చినప్పుడు చూశాగా, మీ ఆవిడ అరుగు మీద కూర్చుని నీ చేత పిండి రుబ్బిస్తోంది."

వెనకున్న ఇద్దరు భటులు పగలబడి నవ్వారు. మీసాలవాడు మొహం ముడుచుకుని ఈటె పక్కకి తీశాడు. "పో పో, ముసల్దానా."

ఇంతకీ సింగన్న ఈ వేషం ఎందుకు కట్టాడో చెప్పాలి.

పన్నెండేళ్ళ కిందట తామ్రజటి అనే మాంత్రికుడు ఉత్తరాదినుంచి వచ్చి, కీర్తిధ్వజ మహారాజు కోసం ఈ కొండ మీద ఒక కంచు స్త్రీని పోతపోశాడు. పేరు సర్వవాణి. ఆమె కుడి అరచేతిలో చెయ్యి ఉంచి ఎవరు ఏ విద్య చెప్పినా ఆమెకు వచ్చేస్తుంది. ఆ తరవాత ఎడమ పాదం ముట్టుకునో, ఆమె దాకా వేసిన రాగి గొట్టాల్లోంచో ఎవరేది అడిగినా బదులు చెబుతుంది. ఎవరు నేర్పిన విద్యను వాళ్ళ గొంతుతోనే చెబుతుంది. ఆ గొంతు మాత్రం ఆమెలోనే ఉండిపోతుంది. చెప్పినవాడు జన్మలో మళ్ళీ మాట్లాడలేడు.

పండు ముసలి పండితులు ఎలాగూ ఆగిపోయే గొంతే కదా అని ఇచ్చారు. రాజవైద్యులు పేరు నిలుస్తుందని ఇచ్చారు. మూడేళ్ళ కిందట రేవుపేట పడవవాడు ఏరయ్య కొడుకు కోసం ఇచ్చాడు. ఏటి అవతలి గట్టున ఉన్న రాజపాఠశాలలో అంతవరకూ రేవుపేట పిల్లవాడు ఒక్కడూ అడుగుపెట్టలేదు. "నీ కొడుక్కి చోటిస్తాను, శంఖవేణి ఏటి మర్మం సర్వవాణికి చెప్పు" అన్నాడు తామ్రజటి. ఏరయ్య ఆ పొద్దే కొండెక్కాడు. వెళ్ళేముందు ఇంటి గుమ్మంలో నిలబడి "సింగన్నా, సింగన్నా, సింగన్నా" అని ఊరికే మూడుసార్లు పిలిచాడు. ఎందుకు పిలిచాడో ఆ సాయంత్రం గానీ సింగన్నకు తెలియలేదు.

అంత పెట్టి కొన్న చదువులో గురువు లేడు. గోడలోంచి పొడుచుకొచ్చిన ఒక రాగి గొట్టం ఉంది. అందులోకి ప్రశ్న అడిగితే కొండ మీంచి సర్వవాణి బదులు వస్తుంది. దాన్ని తాటాకు మీద ముందు రాసినవాడు మొదటివాడు. మూడేళ్ళూ సింగన్నే మొదటివాడు. అలా ఎందుకైంది, ఇలా ఎందుక్కాదు అని అడిగినవాడు ఆ బళ్ళో లేడు.

ఈ వేసవిలో రాజుగారు పాత పడవవాళ్ళందర్నీ రేవునుంచి తీసేశారు. బళ్ళో నెగ్గినవాళ్ళకు పడవలిచ్చారు. రేవులో ఒక రాగి గొట్టం పెట్టించారు. నెల తిరక్కుండా ఏటి నడుమ ఉన్న ఏనుగుబండకు కొట్టుకుని మూడు పడవలు మునిగాయి. నలభైఒక్క మంది పోయారు.

"విగ్రహం తప్పు చెప్పదు. దానికి చెప్పినవాడే అబద్ధం చెప్పి ఉంటాడు" అన్నాడు తామ్రజటి. రాజుగారు తీర్పు చెప్పారు. ఈ పొద్దు పద్దెనిమిది ఊళ్ళ పిల్లలు బళ్ళో చేరడానికి ఏరు దాటుతున్నారు. ఆ పడవ మొనకు ఏరయ్యను కట్టెయ్యాలి. చెప్పింది నిజమైతే పిల్లలతో పాటు గట్టెక్కుతాడు, అబద్ధమైతే మొదట మునిగేది వాడే.

నిన్న చెరసాలలో కటకటాల సందులోంచి ఏరయ్య చెయ్యి చాచాడు. సింగన్న అరచేతికి తన అరచెయ్యి ఆనించి, వేళ్ళకు వేళ్ళు కలిపి గట్టిగా అదిమాడు. మళ్ళీ అదిమాడు. కళ్ళు పెద్దవి చేసి కొడుకు మొహంలోకే చూశాడు. మాట లేదు, రాత రాదు. సింగన్న ఏడ్చాడు. అది కడసారి చూపు అనుకున్నాడు. అయినా నాన్న నిజంగా ఏం చెప్పాడో ఆ విగ్రహాన్నే అడిగి తేల్చుకోవాలని ఈ పొద్దు బయల్దేరాడు.

మెట్లు అయిపోయాయి. ఇక కంచు కుక్కల నడవ.

నిలువెత్తు స్తంభాలు రెండు వరసలు. ఒక్కో స్తంభానికి ఆనుకుని ఒక్కో కంచు శునకం, ముందుకాళ్ళ మీద మొహం పెట్టుకుని పడుకుని ఉంది. ఎర్రరాళ్ళు పొదిగిన కళ్ళు మూసి ఉన్నాయి. కోరలు ఏనుగు దంతాల్లా వంపు తిరిగి ఉన్నాయి. నడవ కప్పుకు చెక్కిన తామరల మధ్యనుంచి సన్నటి వెలుగు పడుతోంది. అడుగుల చప్పుడుకు అవి లేవవు. గిన్నెల మోతకూ లేవవు. మనిషి గొంతుకు మాత్రమే లేస్తాయి. అందుకే తోమేవాళ్ళు నోట్లో గుడ్డ కుక్కుకుని ఈ దారి నడుస్తారు. పోలమ్మ తన గుడ్డ కుక్కుకుని, సింగన్నకొకటి ఇచ్చింది.

సగం దూరం వచ్చారు. అంతలో కొండ కిందినుంచి, రేవు వైపునుంచి, డప్పు మోగింది.

మొదటి డప్పు పడవ ఎక్కమని. రెండోది లోతు తెలియడానికి గంట్లు కోసిన గెడ దించి సర్వవాణిని అడగడానికి. మూడోది పడవ వదలడానికి. తండ్రిని ఇప్పుడే మొనకు కడుతున్నారన్నమాట. సింగన్న నోట్లోంచి గుడ్డ జారింది. "నాన్నా" అనేశాడు.

అన్నది గుసగుసగానే. అయినా చివరి స్తంభం దగ్గర రెండు ఎర్రకళ్ళు తెరుచుకున్నాయి. కంచు ఒళ్ళు విరుచుకున్న మోతకి నడవంతా గంటలా అదిరింది. శునకం ఒక్క దూకులో పదిబారలు దాటింది. పోలమ్మ గోడకు కరుచుకుపోయింది. సింగన్న పరిగెత్తలేదు, పరిగెత్తి లాభం లేదు. అది గాల్లోకి లేచి మీద పడే క్షణంలో తలమీది బిందెను రెండు చేతులా పట్టి దాని తల మీద బోర్లించాడు. పులుసు వరదలా పారింది. చెవుల దాకా బిందె దిగబడేసరికి శునకానికి ఏమీ వినపడలేదు. వినపడకపోయేసరికి లేచినది లేచినట్టే, ముందుకాళ్ళు సింగన్న భుజాల మీద వేసి, మళ్ళీ బొమ్మైపోయింది.

ఆ కాళ్ళ కిందినుంచి పాక్కుంటూ బయటికొచ్చి చూస్తే ఎడమ భుజం చీలి నెత్తురు కారుతోంది. పోలమ్మ చీర చెంగు చించి కట్టుకట్టింది. పులుసు పోయినా ఆమె ఒళ్ళో చింతపండు ముద్ద ఒకటి మిగిలింది.

నడవ దాటి తలుపు తోశారు.

అబ్బ, ఆ మండపం! వెయ్యి రేకుల కంచు తామర నడుమ సర్వవాణి ఆసీనురాలై ఉంది. తాటిచెట్టంత మనిషి. ఒక్కో కనుబొమ వంగిన విల్లంత. మెడలో ఏడుపేటల హారం, ప్రతి పూసా ఒక చిన్న మొహం, ప్రతి మొహానికీ నోరు మూసి ఉంది. పోలమ్మ తోమినంత మేరా బంగారంలా మెరుస్తోంది. పీఠం మాత్రం చిలుము పట్టి పచ్చగా ఉంది. ఒడిలో చాచిన కుడి అరచెయ్యి గడపంత వెడల్పు. గోడనిండా రాగి గొట్టాల నోళ్ళు. వెనక పెద్ద గవాక్షం. గవాక్షం కింద నిట్టనిలువు కొండ, దాని కింద మొసళ్ళ మడుగు, ఆ మడుగు అవతల బొమ్మలా రేవు. రేవులో పడవ. పడవ మొనకు ఎర్రగుడ్డ కట్టిన మనిషి.

"కిందినుంచి పిలుపొచ్చే లోపు అడిగెయ్" అంది పోలమ్మ, నోట్లో గుడ్డ తీసి. "అడిగిందానికే చెబుద్ది. అడగందానికి పెదవి కదపదు. పన్నెండేళ్ళలో నన్ను ఒక్కసారి ఎలా ఉన్నావే అని అడగలేదు."

సింగన్న ఎడమ పాదం ముట్టుకున్నాడు. కంచు చల్లగా ఉంది.

"శంఖవేణిని ఎలా దాటాలి?"

కంచు పెదవులు విడివడ్డాయి.

"రేవు గుంజ దగ్గర గెడ దించు. ఏడు గంట్లు మునిగితే ఏనుగుబండ మీదుగా పో. ఏడుకి తక్కువైతే బండకు కుడివైపునుంచి చుట్టు తిరిగి పో."

నాన్న గొంతు! ఆ బొంగురు, "పో" అనేటప్పుడు ఆ చిన్న సాగతీత, మధ్యలో ఊపిరి పీల్చిన చప్పుడుతో సహా. బళ్ళో ఏటి సంగతి ఎవరూ అడగరు, మూడేళ్ళ తరవాత ఇప్పుడే వింటున్నాడు. సింగన్న పాదం పట్టుకుని కూలబడిపోయాడు. అడగవలసింది మరిచిపోయి, "నాన్నా, తిన్నావా?" అన్నాడు.

"అది నాకు చెప్పలేదు" అంది నాన్న గొంతు.

పోలమ్మ మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. "లేవరా. ఏడవడానికి ఇంకా జన్మంతా ఉంది."

అతను లేచాడు. చిన్నప్పుడు వల చిక్కుపడితే నాన్న లాగనిచ్చేవాడు కాదు. ఒక కొస పట్టుకో, దాని వెంటే పో, ఒక్కో ముడీ విడదియ్యి అనేవాడు. సింగన్న ఆ మాట పట్టుకున్నాడు. నాన్న చెప్పింది నిజమే అయితే, విగ్రహం మార్చకపోతే, పడవవాళ్ళు విన్నట్టే చేస్తే, పడవ మునగకూడదు. మునిగింది. కాబట్టి ఈ మూడింటి మధ్య ఎక్కడో ఒక ముడి ఉంది.

"గెడ అంటే ఏమిటి?"

"వెదురు."

"దానికి గంట్లెన్ని?"

"పన్నెండు."

"గంటుకీ గంటుకీ ఎడమెంత?"

"అది నాకు చెప్పలేదు."

సింగన్న తన అరచెయ్యి విప్పి చూసుకున్నాడు.

చెప్పలేదు. రేవుపేటలో పుట్టినవాడెవడూ చెప్పడు. చెప్పాల్సిన సంగతి అని కూడా తట్టదు. రేవుపేటలో కుర్రాడికి పదహారో ఏడు రాగానే గెడ కోస్తారు. వాడి నిలువు కొలిచి కోస్తారు. గంట్లు వాడి జానతోనే పెడతారు, బొటనవేలి కొసనుంచి చిటికెనవేలి కొస దాకా వాడి చెయ్యి ఎంత సాగితే అంత. అందుకే ఒకడి గెడ ఇంకొకడు ముట్టుకోడు. తండ్రి గెడ కొడుక్కి పనికిరాదు. సింగన్నకు గెడ కొయ్యలేదు. పదహారో ఏట అతను ఏటి అవతల, రాగి గొట్టం ముందు, అందరికంటే ముందు రాస్తున్నాడు.

రాజుగారి పడవలకు గెడలు కోటలో వడ్రంగులు చేశారు. అన్నీ ఒక్క కొలతే. బళ్ళో ఒకసారి ఊరికే ఆ గెడ మీద చెయ్యి చాచి చూసుకున్నాడు. గంటుకీ గంటుకీ మధ్య తన వేళ్ళ వెడల్పుతో పన్నెండు వేళ్ళు, తన జాన రెండు వేళ్ళు బయటికొచ్చింది. అంటే తన జాన పద్నాలుగు. మరి నాన్నది? నిన్న కటకటాల సందులో తన వేళ్ళకు వేళ్ళు కలిపి, మళ్ళీ మళ్ళీ అదిమి, కళ్ళు పెద్దవి చేసి... తన చెయ్యి దాటి నాన్న చెయ్యి అటొక వేలూ ఇటొక వేలూ ఎక్కువ. పదహారు.

అది కడసారి చూపు కాదు. అది పాఠం. మూడేళ్ళలో అతనికి ఎవరైనా చెప్పిన ఒకే ఒక్క పాఠం. ఆ పాఠం చెబుతుంటే అతను ఏడుస్తూ కూర్చున్నాడు.

"అత్తా, రాజగెడ మీద ఎనిమిది గంట్లంటే మా నాన్న గెడ మీద ఆరే! ఏడు దాటిందనుకుని వీళ్ళు బండ మీదికి తోలుతున్నారు. ఇవాళ నీళ్ళెంతున్నాయి?"

"నీళ్ళు మోసేవాళ్ళు ఎనిమిదే అన్నారు పొద్దున."

ఇద్దరూ గవాక్షం వైపు చూశారు. పిల్లలు పడవెక్కేశారు. రంగురంగుల తలగుడ్డలు, పలకలు ఎత్తి పట్టుకుని ఊపుతున్నారు. మెట్లు దిగి రేవుకి పోవాలంటే మూడు గడియలు. గొట్టంలో అరిస్తే పడవవాళ్ళు వినరు, సర్వవాణి కంచు మోత లేని గొంతు ఏదీ వినకూడదని బళ్ళో మొదటి రోజే నేర్పుతారు. అతనూ నేర్చుకున్నాడు.

సింగన్న కుడి అరచేతి వైపు చూశాడు. పోలమ్మ గబుక్కున అడ్డం వచ్చింది.

"వద్దురా! మీ నాన్న నీ కోసం గొంతు ఇచ్చింది నువ్వూ మూగవాడివి కావడానికా? మీ పేటలో నాలుగక్షరాలు వచ్చినవాడివి నువ్వొక్కడివే. రేపు పిల్లలకు ఎవడు చెబుతాడు?"

"రేపటి పిల్లలు ఆ పడవలోనే ఉన్నారు అత్తా."

"నన్ను చెప్పనియ్యి. నా గొంతు పోతే ఊరికి చల్లగా ఉంటుంది."

ఆ మాటకు అతనికి నవ్వొచ్చింది. అదే చివరి నవ్వు అని తెలిసి కాస్త గట్టిగానే నవ్వాడు. "నీకు గెడ సంగతి సగమే తెలుసు. సగం చెప్పే కదా ఇంతదాకా వచ్చింది."

పోలమ్మ పక్కకి తప్పుకుంది. సింగన్న వంగి ఆమె పాదాలు ముట్టుకున్నాడు. తరవాత గవాక్షంలోంచి రేవు వైపు చూసి, "నాన్నా, నాన్నా, నాన్నా" అని మూడుసార్లు పిలిచాడు. అంత దూరం వినపడదని తెలుసు.

కంచు అరచేతిలో తన చెయ్యి ఉంచాడు. వెంటనే గొంతులోంచి ఎవరో దారం లాగుతున్నట్టు అనిపించింది. ఒక్కో మాటతో దారం సన్నబడుతుంది, ఎన్ని మాటలకు తెగుతుందో తెలియదు. రాజగెడకి పది గంట్లు కావాలి అని చెబితే ఇవాళ్టికి సరిపోతుంది. రేపు ఇంకో కొలతతో ఇంకో గెడ వస్తే? సమాధానం చెబితే ఒక్క పడవే ఆగుతుంది. అడగడం నేర్పితే అన్నీ ఆగుతాయి. మాటలు వరస పెట్టుకుని మొదలుపెట్టాడు.

"ఏటి సంగతి ఎవరడిగినా ముందు వాళ్ళనే అడుగు, ఎవరి గెడ అని. ఎవరి జానతో గంట్లు పెట్టారో అడుగు. ఆ జానను ఏరయ్య జానతో సరిచూడు. ఏరయ్య జాన నా వేళ్ళతో పదహారు, రాజగెడ గంటు పన్నెండు. లెక్క తేలకపోతే..."

రెండో డప్పు మోగింది.

"...పడవ వదలొద్దని చెప్పు. నీకు తెలియనిది తెలియదని..."

దారం తెగింది. పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేదు. విగ్రహం మెడలో ఏడోపేట చివర కొత్త పూస ఒకటి మొలిచింది. దానికి సింగన్న మొహం.

అప్పుడే గొట్టంలోంచి రేవు సరంగు గొంతు వినపడింది. "సర్వవాణీ, గెడ ఎనిమిది గంట్లు మునిగింది. బండ మీదుగా పోవచ్చునా?"

కంచు పెదవులు విడివడ్డాయి. వచ్చింది సింగన్న గొంతు.

"ఎవరి గెడ?"

పన్నెండేళ్ళలో సర్వవాణి మనిషిని ఎదురు ప్రశ్న అడగడం అదే మొదలు. సరంగు తడబడుతూ "రాజుగారి గెడ" అన్నాడు.

"రాజుగారి జానతో పెట్టారా గంట్లు? ఎవరి జానతో పెట్టారు?"

గొట్టం అవతల గుసగుసలు. "తెలియదు... ఎవరికీ తెలియదు తల్లీ."

"గంటు పన్నెండు వేళ్ళయితే, ఎనిమిది గంట్లు ఏరయ్యకు ఆరు. బండ మీదుగా పోకూడదు. ఎవరి జానో తేలేదాకా పడవ వదలొద్దు."

పడవ మొన దగ్గర ఎర్రగుడ్డ కదిలింది. కట్లలోనే ఏరయ్య తల తిప్పి కొండ వైపు చూశాడు. కొడుకు గొంతు ఎక్కణ్ణించి వచ్చిందో, ఎలా వచ్చిందో లోకంలో అందరికంటే బాగా తెలిసినవాడు ఆయనే. పడవలో కుదేలైపోయి, కట్టిన తాళ్ళ మీద వేలాడిపోయాడు. పిల్లల్ని ఒక్కొక్కర్నే గట్టు మీదికి దించుతున్నారు. సింగన్న లెక్కపెట్టుకున్నాడు. ఇరవైనాలుగు తలగుడ్డలు, ఇరవైనాలుగూ గట్టు మీదికి చేరాయి.

అప్పుడు నడవలో అడుగుల చప్పుడైంది.

సింగన్న పోలమ్మ ఒళ్ళోంచి చింతపండు ముద్ద లాక్కున్నాడు. చిలుము పట్టిన పీఠం మీద అడుగెత్తు అక్షరాలతో రుద్దడం మొదలుపెట్టాడు. ముద్ద తగిలిన చోటల్లా చిలుము విడిచి కంచు మెరిసింది. పచ్చటి పీఠం మీద బంగారు అక్షరాలు. 'ఎవరి గెడ అని అడగండి.'

"ఏం రాశావురా?" అంది పోలమ్మ.

అతను నోరు తెరిచి మూసుకున్నాడు. ఆమెకు చదువు రాదు, అతనికి మాట లేదు. ఆమె చూపుడువేలు పట్టుకుని మొదటి అక్షరం మీద ఒక్కసారి తిప్పాడు. తరవాత ఆమెను పీఠం వెనక చీకట్లోకి తోసి, పెదవుల మీద వేలు పెట్టి చూపించాడు.

తలుపులు భళ్ళున తెరుచుకున్నాయి. మోకాళ్ళ దాకా వేలాడే రాగిరంగు జడలు, చేతిలో పాముతల బెత్తం, వెనక రెండు కంచు శునకాలు. తామ్రజటి పీఠం చూశాడు, హారంలో కొత్త పూస చూశాడు. కళ్ళు నిప్పులయ్యాయి.

"పడవవాడి కొడుకా! నా విగ్రహానికి ప్రశ్నలు నేర్పుతావా? పట్టుకోండి వీణ్ణి!"

శునకాలు లేచాయి గానీ సింగన్న వైపు రాలేదు. గొంతు లేనివాణ్ణి అవి మనిషిగా లెక్కపెట్టలేదు. ఆ క్షణంలోనే సరంగు మళ్ళీ గొట్టంలో ఏదో అడిగాడు, సర్వవాణి సింగన్న గొంతుతో బదులు మొదలుపెట్టింది. శునకాలు రెండూ ఆ గొంతు మీదికి లంఘించాయి. కంచుకు కంచు తగిలి మండపం మారుమోగింది.

తామ్రజటి ఆ మోతలోనే గొట్టం దగ్గరికి దూకి, నోరు ఆనించి అరిచాడు. "రేవులో ఎవడ్రా! పిల్లల్ని దించారుగా, మంచిది. ముసలాడికి వేసిన శిక్ష అలాగే ఉంది. తాడు కోసెయ్యండి! పడవ బండ మీదికి పోనివ్వండి!"

సరంగు సర్వవాణి గొంతు కానిది వినకూడదు. అయితే ఇది దాన్ని చేసినవాడి గొంతు. ఒక్క క్షణం తటపటాయించాడు. మూడో డప్పు మోగింది.

గవాక్షంలోంచి సింగన్న చూస్తూనే ఉన్నాడు. పడవ గుంజనుంచి విడివడింది. చేతులు కట్టేసిన మనిషి ఒక్కడే దాని మీద. ఏటి నడుమ నీళ్ళు ఏనుగుబండ చుట్టూ తెల్లగా సుడి తిరుగుతున్నాయి. పడవ మెల్లగా, తర్వాత తొందరగా, అటే మళ్ళింది.

సింగన్న గవాక్షం అంచు ఎక్కాడు. కింద మడుగులో మొసళ్ళు కొయ్యదుంగల్లా తేలుతున్నాయి. అతనికి గెడ లేదు, ఎన్నడూ కొయ్యలేదు. మడుగు ఈది పడవను అందుకోవడానికి ఉన్నవి రెండు చేతులు. తండ్రి ఆ దూరంనుంచే కొండ అంచున కొడుకును చూశాడు. వద్దు, వద్దు అని తల అడ్డంగా ఊపాడు.

వెనకనుంచి శునకాల మోతను చీల్చుకుంటూ అతని గొంతే, "ఎవరి గెడ? ఎవరి గెడ?" అని రేవును అడుగుతూనే ఉంది.

సింగన్న దూకాడు. గాలి చెవుల్లో హోరుమంది. కొండ మీంచి కొడుకు పడుతున్నాడు, ఏటి మీద తండ్రి కొట్టుకుపోతున్నాడు. ఒకరినొకరు పిలుచుకోవడానికి ఇద్దరిలో ఎవరికీ గొంతు లేదు.